ఇసుకలో దిద్దిన వ్రేలు

చదువు వచ్చిన తెలుగువాని నెవనినైనను పిలిచి, 'ఋ' అను నక్షరమును నీవెచ్చట మొదలుపెట్టి యెచ్చట ముగింతువని యడిగి చూడుడు. ఆతడు వెంటనే బదులు చెప్పలేడు. ఒక్క క్షణ మాతని చూపు శూన్యమున నిలుచును. పిదప కుడిచేతి చూపుడువ్రేలు తనంతట తానే పైకి లేచి గాలిలో నొక చుట్టు చుట్టును. ఆ చుట్టును చూచుకొని యాతడు మనకు బదులు చెప్పును. 'క' వ్రాయునప్పుడు తలకట్టు ముందు పెట్టుదువా, వెనుక పెట్టుదువా యని యడిగినను ఇంతే. నలువది యేండ్లుగా దినదినమును వ్రాయుచున్న వారిని నేనీ ప్రశ్న యడిగితిని. కలమైనను చేతికి తీసికొనక, వ్రేలైనను కదపక చెప్పగలిగిన వారు మిక్కిలి యరుదు. తాము వేలసార్లు చేసిన పనిని గూర్చి తమ చేతినే యడిగి తెలిసికొనవలసి వచ్చుట వారికిని వింతగనే తోచినది.

ఈ వింతకు తెలుగు నుడికారమున చక్కని పేరున్నది. నోటికి వచ్చినదానిని కంఠస్థమందుము. చేతికి వచ్చినదానిని చేయి తిరుగుట యందుము. చేయి తిరిగిన యిల్లాలు పులుసులో నుప్పు కొలిచి వేయదు. చేయి తిరిగిన నేతగాడు నాడె వంక చూడడు. ఇంగ్లీషువారు దీనిని కండరముల జ్ఞాపకమని వ్యవహరింతురు గాని, 'తిరుగుట' యను మన క్రియయే నాకు హృద్యముగ నున్నది. ఏలన, వలయములతోను వంపులతోను గూడిన మన లిపి విషయమున ఆ మాట లాక్షణికము గాదు, అక్షరాల యథార్థము. ఆ తిరుగుడు తెలుగువాని చేతికెట్లు వచ్చినది, ఏ సాధనములతో వచ్చినది, ఎప్పుడు మారినది యను వృత్తాంతము మన సాహిత్యచరిత్రలలో కానరాదు. కవుల చరిత్రలు గలవు, గ్రంథముల చరిత్రలు గలవు. ఆ గ్రంథములను వ్రాసిన చేతుల చరిత్ర మాత్రము ఎవరును వ్రాయలేదనియే చెప్పవలెను. దొరకినంత మేరకు దానిని గూర్చుకొనుటకే యీ ప్రయత్నము.

చెన్నపురి గవర్నరుగా నుండిన సర్ తామస్ మన్రో 1822 జూను 25వ తేదీన, తన యేలుబడిలోని జిల్లాల యందు దేశీయ పాఠశాలలెన్ని గలవో, అందేమి నేర్పబడుచున్నదో విచారించి తెలుపవలసినదని యుత్తరువు చేసెను. కలెక్టర్లు పెక్కురు అంకెల పట్టికలతో సరిపెట్టుకొనిరి. బళ్లారి కలెక్టరగు ఎ. డి. కాంబెల్ మాత్రము 1823 ఆగస్టు 17వ తేదీన పంపిన యుత్తరమున, బడిలో పిల్లవాడు తొలినాడు కూర్చుండినది మొదలుకొని యేమి చేయునో కన్నులకు కట్టినట్లు వ్రాసెను. ఈతడు 1816లో తెలుగు వ్యాకరణమును ప్రకటించినవాడు. మన బడిని బయటనుండి చూచిపోయిన దొర గాడు. నేటి అనంతపురము ప్రాంతము కూడ అప్పటి బళ్లారి జిల్లాలోనిదే. ఆతడు లెక్కించిన 533 బడులలో 226 తెలుగు బడులు.

కాంబెల్ చెప్పినదేమనగా: బడిలో చేరిన బిడ్డకు మొదటి పని అక్షరములను గుర్తించుట, దానిని ఆ బిడ్డ ఐరోపాలోవలె అక్షరమాలను నోట పలుకుచు గాక, నేలమీద పఱచిన యిసుకలో వ్రేలితో వ్రాయుచు నేర్చుకొనును, ఇసుకలో వ్రేలు చక్కగా నడచిన తరువాతనే తాటాకుమీద ఇనుపగంటముతో గాని, కాగితముమీద రెల్లుకలముతో గాని, కడితముమీద బలపముతో గాని వ్రాయు నధికారము వానికి లభించును. అధికారమను మాటను గమనింపవలెను. గంటము పట్టుట బిడ్డకు తొలినాడే దక్కునది కాదు. వ్రేలు దానిని సంపాదించుకొనవలెను. పంతులు మొదట ఇసుకలో లోతుగా అక్షరమును గీసి, ఆ గుంటలో పిల్లవాని వ్రేలుంచి, పైన తన చేయి వైచి నడిపించును. పిల్లవాడు ఆ గుంట వెంటనే పదింబదిగ వ్రేలు త్రిప్పుచుండును. 'వ్రాయుట' వేఱు, 'దిద్దుట' వేఱు అని మన భాష పాటించు భేద మిచ్చట స్పష్టమగును. దిద్దునప్పుడు కంటికి పనిలేదు. గుంటయొక్క యంచులే వ్రేలిని తప్పుదారి పోనీయవు. ఓం నమశ్శివాయ, సిద్ధం నమః అని నోరు పలుకుచుండగా వ్రేలు తిరుగుచుండును. ఆ పలుకే యరిగి యరిగి 'ఓనమాలు' అయినది.

కడితమనునది నేటివారికి తెలియదు. గుడ్డకు గంజియు బొగ్గుపొడియు కలిపి పూసి, ఆరనిచ్చి, మడతలు పెట్టిన నల్లని పుస్తకమది. దానిమీద బలపముతో వ్రాసి, తడిగుడ్డతో తుడిచి మరల వ్రాసికొనవచ్చును. రాతిపలక వచ్చువఱకు పల్లెబడులలో పలకయు నిదియే, వర్తకులకు చిట్టా పుస్తకమును నిదియే.

ఈ యిసుకచదువు సముద్రములు దాటిన వృత్తాంతమొకటి యున్నది. చెన్నపట్టణమున సైనికుల యనాథబాలకులకై యేర్పఱచిన శరణాలయమునకు 1789లో నధికారియైన ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు, ఒకనాడు దారిలో దేశీయుల వీథిబడి యొకటి చూచి, పిల్లలు నేలమీది యిసుకలో వ్రేళ్లతో వ్రాయుచుండుటకు ముగ్ధుడై, తన బడిలోను ఆ పద్ధతి ప్రవేశపెట్టెను. ఉపాధ్యాయులు సమ్మతింపనందున, పెద్దపిల్లలచేతనే చిన్నపిల్లలకు చెప్పింపసాగెను. ఆ యనుభవమును 1797లో లండనున పుస్తకముగ ప్రకటించెను. అనతికాలములోనే ఇంగ్లాండు పేదపిల్లలు వేలకొలది బల్లలమీద పోసిన యిసుకలో తమ అక్షరములను దిద్దసాగిరి. దానికి 'మదరాసు పద్ధతి' యనియే పేరు. కాంబెల్ కూడ తన యుత్తరమున, ఈ బడులలోని పొదుపును, పైతరగతివారు క్రిందివారికి చెప్పు నేర్పాటును ఇంగ్లాండు అనుకరించుట తగియే యున్నదని మెచ్చుకొనెను. నూఱేండ్ల పిమ్మట మరియా మాంటిస్సోరి యను ఇటలీ విదుషి గరుకుకాగితముతో అక్షరములు కత్తిరించి పిల్లల వ్రేళ్లచేత తడవించు పద్ధతిని కనిపెట్టి లోకమునకెల్ల పూజ్యురాలయ్యెను. ఆమె 1939లో మదరాసు చేరి, యుద్ధకాలమంతయు ఈ దేశముననే గడపెను. అప్పటికి మన బడులలో ఇసుక చాలవఱకు మాయమై పలకలు పాతుకొనినవి. తనదైన దానిని పోగొట్టుకొనిన యింటికే అది యతిథియై తిరిగివచ్చిన విధమిది. నేనీ మాట నిష్ఠూరముగ ననుట లేదు, బాధతో ననుచున్నాను.

ఇసుకనుండి తాటాకునకు వత్తము. తాటియాకులను గాని, వానికంటె వెడల్పును మెత్తదనమును గల శ్రీతాళపుటాకులను గాని కోసి, ఈనెలు తీసి, నీటిలో నుడికించి, ఆరవైచి, నునుపు తేలునట్లు రుద్ది, ఒక్క కొలతకు కత్తిరింతురు. వ్రాయువాడు కూర్చుండి యైనను నిలుచుండి యైనను వ్రాయును; బల్లతో పనిలేదు. ఎడమచేత ఆకు, కుడిపిడికిట గంటము. గంటమును మనము కలమును పట్టినట్లు మూడువ్రేళ్ల కొనలతో పట్టిన ఆకు గీరుకొనదు. దానిని నిటారుగ పిడికిట బిగింపవలెను. ఎడమ బొటనవ్రేలు గంటపు మొనకు చేరువగ ఆని, దానిని తోయుచు నిలువరించుచునుండును. కొందఱు ఆ గోటికొక చిన్న గంటు పెట్టుకొని యందు గంటమును ఆనించుకొనెడివారు. పంక్తి సాగినకొలది కుడిచేయి జరుగదు; ఎడమచేయి ఆకును కొంచెము కొంచెముగ నెడమకు జరుపుచుండును. అనగా నేడు మన కాగితము కదలకుండగా కలము నడచును. నాడు గంట మొక్కచోట నుండగా ఆకే దాని క్రింద నడిచెడిది. అక్షరమున సగము కుడిచేతిది, సగ మెడమచేతిది. ఈ రెండు చేతుల పొత్తును మాటలలో చెప్పి నేర్పుట యెవనితరము?

ఇంతకంటె నాశ్చర్యమైన సంగతి వేఱొకటి. గంటముతో వ్రాసిన వ్రాతకు వర్ణము లేదు. లేతపసుపు ఆకుమీద లేతపసుపు గీతయే పడును. వెలుతురున కేటవాలుగ పట్టి చూచిననే తప్ప కన్నులకానదు. ఆకు ముగిసిన పిదప నూనెలో కలిపిన మసిని గాని, ఆకుపసరును గాని పూసి తుడిచినప్పుడు గంట్లలో నలుపు నిలిచి అక్షరములు పైకి తేలును. కావున భారతభాగవతములను, కవిలెకట్టలను, వైద్యగ్రంథములను మనకిచ్చిన లేఖకుడు, తాను వ్రాయుచున్న అక్షరమును వ్రాయుచుండగా స్పష్టముగ చూచినవాడు కాడు. తుడుపు లేదు, కొట్టివేతయు కష్టమే. అట్టి స్థితిలో ఆతని కాధారమేమి? చిన్ననాడు ఇసుకగుంటలో కంటితో పనిలేక తిరిగిన యా వ్రేలే. ఇసుకచదువునకును గంటపువ్రాతకును గల సంబంధము నాకీ యొక్క యంశమువలన దృఢమైనది: బడి మొదటినుండియు చేయిని, చూడక వ్రాయవలసిన పనికై సిద్ధపఱచుచుండెను.

మన లిపి గుండ్రదనమునకును ఆకే కారణమని పలువురు పండితులు చెప్పుదురు. ఆకు నరములు పొడవున సాగును. వానివెంట గంటముతో నడ్డగీత గీచిన ఆకు చీలును. భట్టిప్రోలు ధాతుకరండములమీది బ్రాహ్మీలిపిలో నిలువు గీతలు, అడ్డగీతలు గలవు; శతాబ్దములు గడచినకొలది మన లిపిలో అవి వంగి, వలయములై పోయినవి. ఉత్తరదేశమున ఆకుమీద కలముతో సిరా పూసి వ్రాసిరి గనుక నాగరికి తలరేఖ నిలిచినది; గంటము వాడిన ఓఢ్రదేశమున ఆ తలరేఖయే గొడుగువలె వంగినది. శిలాశాసనములను కూడ తలచుకొనిన ఈ వాదమొక్కటియే సర్వమును తేల్చజాలదు గాని, ఆకు చీలకుండ నడచుటకు చేయి నేర్చిన జాగ్రత్త తరతరములకు లిపిగా గట్టిపడినదనుట నాకు సమ్మతమే. నేడు కలముతో నున్నని కాగితముమీద వ్రాయుచుండగను మన చేయి అడ్డగీతను తప్పించుకొనియే పోవుచున్నది. చీలుటకు ఆకు లేదు, చేతికి మాత్ర మా జాగ్రత్త పోలేదు.

ప్రతుల చివర లేఖకులు వ్రాసికొను శ్లోకమొకటి దేశమంతటను ప్రసిద్ధము. వెన్ను విఱిగినది, నడుము విఱిగినది, మెడ వంగినది, చూపు కొయ్యబారినది. ఇంత కష్టపడి వ్రాసిన గ్రంథమును యత్నముతో కాపాడుకొనుడని దాని తాత్పర్యము. కొన్ని పాఠములలో పిడికిలి బిగిసిన మాటయు వచ్చును. ఈ శ్లోకమును నేనెన్నిమార్లు చదివినను నన్నొకటి యాకర్షించుచుండును: ఒంటిలోని ప్రతి యవయవమును ఇచ్చట మొఱపెట్టుకొనుచున్నది, అక్షరమును వ్రాసిన వ్రేళ్లు తప్ప. బిగిసిన పిడికిలి నొప్పి చెప్పుకొనినది గాని, ఆ పిడికిటి నేర్పును గూర్చి యొక్క మాటయు లేదు. నేర్పు తన్ను తాను ఎఱుగదు. నొప్పి యొక్కటియే ఎఱుకలోనికి వచ్చును.

అయినను ఆ నేర్పు తన జాడను వేఱొక చోట విడిచినది, అది తప్పులలో. పరిష్కర్తలు లేఖకప్రమాదములని యేరివేయు వానిలో, తెలియక చేసినవి కొన్ని. మిగుల తెలియుటచేత చేసినవి కొన్ని. కన్ను మాతృకలో నొక యపూర్వపదమును చూచినది. ఆ పదపు మొదటి రెండక్షరములు వ్రాయగనే చేయి తనకలవాటైన మఱియొక పదము దారి పట్టి, దానిని ముగించియే గాని నిలువలేదు. ఒకే పదము రెండు పంక్తులలో వచ్చినచోట మొదటి దానినుండి రెండవ దానికి దుమికి, నడుమనున్నది విడిచివేసినది. పరిష్కర్తకు తప్పైన యా చోటనే, ఏ లేఖకుని చేతికి ఏ మాటలు తిరిగియుండెనో మనము చదువగలము. ప్రతులు చూచు పిన్నలు ఈ తప్పులను పాఠము కుదిరిన తోడనే పాఱవేయక, వేఱుగ వ్రాసి యుంచుదురు గాక యని నా కోరిక.

చేతియందలి యీ జ్ఞాపక మేజాతిది? తర్కసంగ్రహకర్త యగు అన్నంభట్టు, ఆంధ్రుడని ప్రసిద్ధి గలవాడు, సంస్కారమును వేగము, భావన, స్థితిస్థాపకము అని మూడు విధములుగ జెప్పెను. అనుభవమువలన పుట్టి స్మృతికి హేతువగునది భావన. అది యాత్మయందు మాత్రమే యుండును. వంచిన దానిని మరల మునుపటి స్థితికి తెచ్చునది స్థితిస్థాపకము; అది చాప మొదలగు వస్తువులలో నుండును. చుట్టిన తాటాకు విడిచినంతనే చాచుకొనుట ఈ మూడవదే. లేఖకుని యెడమచేతిలోని యాకునకు స్థితిస్థాపకమును, ఆతని యాత్మకు భావనయు నిచ్చి తార్కికులు ఊరకుండిరి. నడుమనున్న ఆ వ్రేళ్లకేమి యిత్తురు? స్మరింపకయే చేయునది గనుక భావన యనరాదు; అభ్యాసము లేనిదే రాదు గనుక చాపకు గల గుణమును కాదు.

ఆధునికులు దీనికొక సమాధానము కనుగొనిరి. 1953లో అమెరికాలో మూర్ఛరోగమునకై మెదడున ఇరుప్రక్కల శస్త్రచికిత్స పొందిన యొక రోగికి, అటుపిమ్మట క్రొత్త సంగతి యేదియు జ్ఞాపకముండక పోయెను. బ్రెండా మిల్నర్ అను పరిశోధకురాలు ఆతనిచేత, అద్దములోని ప్రతిబింబమును మాత్రమే చూచుచు నక్షత్రాకారపు జంటగీతల నడుమ గీత గీయించెను. చేయి తలక్రిందులగు ఆ పనిలో మొదట తడబడనివారుండరు. మూడు దినములు సాధన జరిగెను. ప్రతిదినమును ఆతడు ఆ పనిని తానెన్నడును చేసి యెఱుగననియే తలంచెను. చేయి మాత్రము దినదినమును చక్కబడుచు వచ్చెను. సంగతులను నిలుపు స్థానము వేఱు, నేర్పును నిలుపు స్థానము వేఱు అని దీనివలన తేలినది. నేర్పు కండరములలో గాక, మెదడు లోతట్టునను చిన్నమెదడునను నిలుచునని వైద్యులందురు. వీథిబడి పంతులునకు ఈ శాస్త్రము తెలియదు. కాని తెలిసినవానివలెనే వర్తించెను.

పందొమ్మిదవ శతాబ్దమున ఆకునుండి కాగితమునకు మార్పు వడివడిగ సాగినది. అంతకుముందే కాగితము మనకు తెలియనిది కాదు గాని, గ్రంథములకు తాటాకే గౌరవము. 1820లో కడప చేరిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్, తన బంగళాలో పండితులను లేఖకులను సొంత వ్యయముతో నిలిపి, తాళపత్రములను కాగితముల మీదికి ఎక్కింపించి, పాఠములు సరిచూపించెను. ఆ స్థలముననే నేడు ఆతని పేర గ్రంథాలయము వెలసియున్నది. బ్రౌనువలన మనకు దక్కిన కావ్యములను గూర్చి యందఱును చెప్పుకొందురు. ఆయన కొలువున గంటము విడిచి కలము పట్టిన లేఖకుల మాట యెవరును తలంపరు. పిడికిలి విప్పి మూడువ్రేళ్లు కూర్చవలసి వచ్చెను; ఎడమ బొటనవ్రేలికి పని పోయెను; నిలిచిన చేయి ప్రక్కకు నడువ నేర్చుకొనవలసి వచ్చెను. నడివయసున చేయి మఱల తిప్పుకొనుట యెంత కష్టమో, వలపలి చేయి విఱిగి యెడమచేత వ్రాసినవారెఱుగుదురు.

ఆ వెనుక అచ్చుకూటములు వ్యాపించినవి. అచ్చుటక్షరములకు ఇంగ్లీషున రెండు పెట్టెలు చాలెడివట. గుణింతములు, వత్తులు గల తెలుగునకు అంతకు మించిన గళ్లు కావలసెడివి. అక్షరములు కూర్చు కంపోజిటరు కన్ను వ్రాతప్రతి మీదనే నిలిపి, కుడిచేత ఏ గడిలోని యేయక్షరమో తడుముకొనక తీసి, ఎడమచేతి స్టిక్కులో తలక్రిందుగ పేర్చుచుండగా చూచినవారి కాశ్చర్యము కలిగెడిది. ఏ గడిలో 'క్ష' యుండునని అడిగిన, ఆతడును ఒక్కమారు చేయి చాచి చూచుకొనియే చెప్పెడివాడు. ఆ విద్య పుట్టి, పెరిగి, కంప్యూటరు రాకతో నీ కాలముననే యస్తమించినది. నేడు సెల్‌ఫోను మీద బొటనవ్రేళ్లు మరల పనిలోనికి వచ్చినవి. గంటపు కాలమునాటి బొటనవ్రేలు 'క' చుట్టు తిరుగుటకు తోడ్పడెడిది. ఇవి ఇంగ్లీషు అక్షరముల నొత్తగా 'క' దానంతట నదియే తెరమీద వచ్చుచున్నది. తెలుగు చక్కగ చదువ నేర్చి, కాగితమిచ్చిన 'ఞ' వ్రాయ తెలియక నిలిచిపోవు యువకులను చూచుచున్నాను. వారిని తప్పుపట్టుట న్యాయము కాదు. వారి వ్రేలిని గుంటలో పెట్టి త్రిప్పినవారు లేరు.

మదరాసులో, తంజావూరు సరస్వతీమహలులో, తిరుపతిలో, హైదరాబాదులో తాళపత్రములు వేలకొలది భద్రముగ నున్నవి. వానికి నూనె పూయుదురు, పురుగు పట్టకుండ కాపాడుదురు, ఛాయాచిత్రములు తీయుదురు. ఆకు దక్కినది, వ్రాత దక్కినది. వ్రాసిన చేయి యెట్లు కదలెనో యాకు చెప్పదు. దానిని చెప్పగలిగినది మఱియొక చేయి మాత్రమే. తాతతండ్రుల గంటమింకను అటకమీద నున్న యిండ్లు, దానిని పట్ట నేర్చిన వృద్ధులొకరిద్దఱున్న గ్రామములు ఎచ్చటనైన నుండిన, చదువరులు దయచేసి ఒక పూట వారి యెడమప్రక్కను కూర్చుండి, ఆ బొటనవ్రేలిని చూడవలసినదిగ కోరుచున్నాను. ఎట్లు వ్రాయుదురని మాత్ర మడుగవలదు. ఒక ఆకు చేతికిచ్చి వ్రాయుమని కోరుడు.